లో వోల్టేజ్ మీద నేను కట్టిన పాట

నా యవ్వనం ఒక శనివారం సాయంత్రం ఆరు గంటల పదిహేను నిమిషాలకు మొదలైంది. అప్పటికి నా వయసు అరవై నాలుగేళ్ల రెండు నెలలు. ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టి నా ఈడువాళ్లు రాసుకునేవన్నీ రెండు జడల కాలం నాటి ముచ్చట్లు. ఆ కాలంలో నాకు చెప్పుకోదగ్గ తెలివితక్కువ పని ఒక్కటీ చేసే తీరిక దొరకలేదు. చదువు, టీచర్ ట్రైనింగ్, ఆ వెంటనే ఉద్యోగం, ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు. అందుకని పదహారేళ్లకు చేయవలసిన పిచ్చిపనులన్నీ పింఛను వచ్చాక చేశాను. పదహారేళ్ల పిల్ల చేస్తే నలుగురూ నవ్వి ఊరుకుంటారు. నా వయసులో చేస్తే నలుగురూ నమ్ముతారు. తేడా అంతా అక్కడే వచ్చింది.

నా ఆ రోజులు మూడేళ్ల కిందటివి. హనుమకొండలో మా ఇంటి మేడమీద గదిని నలుగురు కుర్రాళ్లకు అద్దెకిచ్చాం. (మేమంటే నేనూ, మా చెల్లే. ఒకే ఇంట్లో ఉంటాం, రెండు పొయ్యిల మీద వండుకుంటాం. ఆమె వేసే కారం నేను తినలేను, నేను వేసే ఉప్పు ఆమె తినదు.) ఇంజనీరింగ్ అయిపోయిన పిల్లలు, బుద్ధిమంతులు అనుకున్నాం. వాళ్లది రాక్ బ్యాండు అని మాకెవరూ చెప్పలేదు. ఆ శనివారం ఆరుంబావుకు నెత్తిమీద పిడుగులు పడ్డట్టు మోత మొదలైంది. తిట్టడానికే మెట్లెక్కాను. తలుపు దగ్గర నిలబడి నోరు తెరవబోయి, అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డ్రమ్ముల వెనకాల సన్నగా, కళ్లు మూసుకుని ఒక పిలగాడు. చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ పాట ఆఖరుదాకా లెక్కపెట్టాను. మొదటి నిమిషంలో ఎన్ని దెబ్బలో చివరి నిమిషంలోనూ అన్నే. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అంత కచ్చితమైన విద్యార్థి నాకు దొరకలేదు. “ఇంకోసారి కొట్టు బిడ్డా” అని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. చెల్లె కిందినుంచి “అక్కా, బంద్ చేసిండ్లా?” అని అరుస్తూనే ఉంది.

ఆ పిలగాడికి గడియారం అని పేరు పెట్టుకున్నాను. పాడేవాడికి భుజాల దాకా జుట్టు కనుక జులపాలు. మిగిలిన ఇద్దరూ గిటార్లవాళ్లు. ఎప్పుడూ వైర్లు సరిచేసుకుంటూ కనిపించేవారు కాబట్టి వాళ్ల గురించి నాకు అంతకంటే తెలియదు. బ్యాండు పేరు లో వోల్టేజ్. (వేసవిలో ఒక సాయంత్రం మా గల్లీలో ఫ్యాను కింద కూర్చుంటే ఆ పేరెందుకో తెలుస్తుంది.) పాటలు మన మాటల్లోనే ఉండేవి. మిర్చి యార్డు ముందునుంచి బండి మీద పోతూ తుమ్ములు ఆపుకోలేనివాడి పాట ఒకటి, కాజీపేటలో రెండు నిమిషాల తేడాతో రైలు తప్పినవాడి పాట ఒకటి. గడియారం వాళ్లది నెక్కొండ పక్కన పల్లె, తండ్రి వ్యవసాయం చేస్తాడు. “రెండేండ్లు కొట్టుకో. పేరొస్తె సరే, రాకుంటె ఇంటికొచ్చి నాతోని పొలం జూస్కో” అని ఆ ఏడు జూన్ నుంచి గడువు పెట్టి పంపాడట. సంగతి గడియారమే నాకు చెప్పాడు. ఆ లోపల వాడికి పేరు తెప్పించడం నా బాధ్యత అని, ఎవరూ అడక్కపోయినా, నేను నెత్తికెత్తుకున్నాను.

అభిమానుల్లో మొదటి నలుగురం ఎవరమంటే నేను, చెల్లె, గల్లీ మొదట్లో ఫోన్లు బాగుచేసే సెల్ భాయ్, పక్కింట్లో ఉండి ఫార్మసీ చదివే పిల్ల. ఆ పిల్ల వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఏడాది తిరిగేసరికి ముప్పై ఒక్కరమయ్యాం. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక పెళ్లి బరాత్‌కు వాళ్లు వాయిస్తే (వేరే కచేరీ ఏదీ దొరకక ఒప్పుకున్నారు) అక్కడికీ వెళ్లాం. జనంలో నేను చేతులెత్తి ఎగిరానని చెల్లె ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఎగరలేదు. మడమలు లేచిన మాట నిజం.

మరుసటి ఏడు ఆగస్టులో మేడమీద మోత ఆగిపోయింది. కారణం అడిగితే “పని మీద ఉన్నం టీచరమ్మా” అన్నారు. సెప్టెంబరులో హైదరాబాద్ పోయి, స్టూడియోలో నాలుగు కొత్త పాటలు చేసుకుని వచ్చి నెట్‌లో పెట్టారు. భాయ్ దుకాణంలో పెద్ద స్పీకరుకు తగిలించి విన్నాం. మొదటి పాట మొదలై అర నిమిషం కాకముందే నాకు అర్థమైంది, అది గడియారం చెయ్యి కాదు. డ్రమ్ముల మిషను. తాళం తప్పిందా అంటే తప్పలేదు. కానీ గడియారం కొడుతుంటే ప్రతి దెబ్బ ముందూ ఒక మనిషి ఊపిరి బిగబట్టిన జాడ ఉండేది. ఇందులో ఎవరూ లేరు. పాటల్లో తుమ్ములు లేవు, రైలు లేదు. ‘బేబీ’ అన్న మాట మాత్రం పదకొండుసార్లు వచ్చింది. పాటలైపోయాక భాయ్ స్పీకరు వైరు పీకి, చాలాసేపు దాన్ని చుట్టచుట్టి “సౌండ్ మంచిగున్నది” అన్నాడు. అంతకంటే ఘోరమైన విమర్శ నేను వినలేదు.

ఆ సాయంత్రం గ్రూపులో రెండు పార్టీలయ్యాయి. నిజమైన అభిమాని తప్పు చెప్పకూడదని కొందరు, నిజమైన అభిమానే చెప్పాలని కొందరు, చేతులు జోడించిన బొమ్మలు పంపేవాళ్లు కొందరు. ఇది ఫోనులో తేలదని మర్నాడు మేం నలుగురం మా వసారాలో కూర్చున్నాం. బాగా లేదన్న విషయంలో తగాదా లేదు. ఎట్లా చెప్పాలన్నదే పంచాయితీ.

“కామెంట్ల రాస్తె వేరేటోళ్లు గూడ జూస్తరు టీచర్, మనోళ్ల ఇజ్జత్ పోతది” అంది ఫార్మసీ పిల్ల. “ఏం రాయొద్దు. లైక్ కొట్టకుంట ఊకుందాం. వాళ్లకే సమజైతది.”

“ముప్పై ఒక్క లైకులొచ్చేకాడ ఒక్కటి గూడ రాకుంటె సమజ్ గాదు బిడ్డా, నెట్ పని జేస్తలేదనుకుంటరు” అన్నాడు భాయ్.

నేను నాలుగు పాటలకూ మార్కులు వేసి సిద్ధంగా ఉన్నాను. తాళానికి నలభై, మాటలకు ముప్పై, గొంతుకు ఇరవై, క్రమశిక్షణకు పది. అన్నిటికంటే ఎక్కువ మూడో పాటకు వచ్చింది, నలభై ఒకటి. నా పద్ధతి ఎర్ర సిరా. తప్పు ఎక్కడుందో అక్కడ గీత కొట్టి చేతిలో పెట్టడం.

“టీచరమ్మా, పాస్ ఎంతకు?” అన్నాడు భాయ్.

“ముప్పై అయిదుకు.”

“అయితె పాసైండ్లు గద! ఇగ లొల్లి దేనికి?”

చెల్లె చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు కోపం వచ్చింది. భాయ్ మెత్తగా అన్నాడు: “గుస్సా గాకు టీచరమ్మా. నా దుకాణంకు రోజు పది పగిలిన ఫోన్లు వస్తయి. ‘ఎందుకు పడేసినవ్’ అంటె గిరాకీ మల్ల రాడు. ‘ఎట్ల పడ్డది’ అని అడుగుత. పిల్లగాండ్లను గూడ పిలిచి జర అడుగుదం.”

“అడిగితె అబద్ధమాడుతరు. ఆ గడియారం మొఖం జూసినవా? నెల నుంచి చాయ్ తాగనీకె వస్తలేడు. గింత ఎండల నిండు చేతుల అంగీ ఏసుకొని తిరుగుతాండు. మెట్ల మీద నేను ఎదురైతె తల దించుకొని పోతాండు. వాణ్ణి ఎల్లగొట్టిండ్లు, గంతే” అన్నాను. మేడమీద మోత ఆగింది, పాటల్లో మిషను ఉంది, పిల్లవాడు తల దించుకున్నాడు. మూడు ఆధారాలు, ఒక జవాబు. మధ్యలో ఒక్క మెట్టు కూడా చూపించకుండా నా క్లాసులో ఏ పిల్లయినా ఇలా జవాబు రాస్తే సున్నా చుట్టేదాన్ని.

దారి చూపింది చెల్లె. “బతుకమ్మ వస్తాంది గదక్కా. పాటల పెట్టుదం. పోయినేడు నీళ్ల పైపు మీద కట్టి పాడితె నాలుగొద్దుల్ల మున్సిపాలిటోళ్లు వచ్చి బాగుజేసి పోయిండ్లు.”

ఇది మా గల్లీ ఆడవాళ్ల ఆచారం. ముఖం మీద అనలేని మాటను బతుకమ్మ చుట్టూ తిరుగుతూ, చివర ఉయ్యాలో తగిలించి పాడతారు. అత్త మీద కోడలు పాడినా, కోడలి మీద అత్త పాడినా, ఆ తొమ్మిది రోజులు ఎవరూ ఉడుక్కోకూడదు. అన్నవాళ్లు అన్నట్టు కాదు, విన్నవాళ్లు విననట్టు కాదు. ఇంతకంటే మర్యాదైన విమర్శ ఉండదని నలుగురం ఒప్పుకున్నాం. (భాయ్ మాత్రం “గది మీ ఆడోళ్ల డిపార్ట్‌మెంట్, నాకేం ఎరుక” అని లేచిపోయాడు.) షరతులు నేనే పెట్టాను. మా గల్లీలోనే పాడాలి, మొదటి రోజే పాడాలి, ఎవరూ ఫోన్లో తీయకూడదు. పాట కూడా నేనే కట్టాను. లెక్కల టీచరును కదా, ఒక్క అక్షరం అటూ ఇటూ పోకుండా చప్పట్లకు సరిగ్గా కుదిరింది.

హైదరబాదుకు ఉయ్యాలో, పోయి వచ్చిండ్లు ఉయ్యాలో
లో వోల్టేజి పిల్లలు ఉయ్యాలో, మిషిను తెచ్చిండ్లు ఉయ్యాలో
మీట నొక్కితె మోగేది ఉయ్యాలో, పాట ఎట్లైతది ఉయ్యాలో
కర్ర పట్టిన పిలగాణ్ణి ఉయ్యాలో, కడకు నెట్టిండ్లు ఉయ్యాలో

ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం మా గల్లీలో పాడాం. నేనెత్తుకున్నాను, నలభై మంది అందుకున్నారు. మేడమీద పిట్టగోడ దగ్గర కుర్రాళ్లు నిలబడి చూస్తున్నారు. మిషను మాట వచ్చినప్పుడు జులపాలు పగలబడి నవ్వి, వాడూ చప్పట్లు కొట్టాడు. ‘కడకు నెట్టిండ్లు’ అనగానే నవ్వు ఆగిపోయింది, లోపలికి వెళ్లిపోయాడు. గడియారం జేబుల్లో చేతులు పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తప్పు చేసి లోపలికి పోయినవాడికి తగిలింది అనుకుని, నేను గొంతు ఇంకొంచెం పెంచాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

వెళ్లి తలుపు కొట్టి ఉంటే అప్పటికైనా సరిపోయేది. కొట్టలేదు. విమర్శ పనిచేయడానికి వ్యవధి ఇవ్వాలి అనుకున్నాను. నేను వ్యవధి ఇస్తుండగా పాట పని చేసుకుంటూ పోయింది. ఫోన్లో తీయవద్దన్నాను, అందరూ మాట విన్నారు, ఎవరూ తీయలేదు. కానీ నోట్లో పట్టుకుని పోవద్దని చెప్పలేదు కదా. మూడో రోజుకు పక్క గల్లీ, అయిదో రోజుకు చెల్లె కూరగాయలు తెచ్చే వీధి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఎవరూ ఆడరు కాబట్టి ఆ ఒక్క పూట నా పాట విశ్రాంతి తీసుకుంది. మా గల్లీ కోడలొకతె పండక్కి నెక్కొండలో తల్లిగారింటికి పోయింది. ఏడో రోజు అక్కడ మొదలైంది. ఇవన్నీ తెలుస్తున్నప్పుడు నేను భయపడ్డానా అంటే, సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషపడ్డాను. “మన పాట నెక్కొండల గూడ పాడుతాండ్లట” అని గ్రూపులో రాసింది నేనే.

తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున్న మా గేటు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. తలపాగా చుట్టుకున్న మనిషి దిగి, రెండు సంచుల నిండా తంగేడు, గునుగు పూలు తెచ్చి వసారాలో పెట్టాడు. పూల మీద మంచు ఇంకా ఆరలేదు. గడియారం తండ్రి. ఫోన్లో రెండు మూడుసార్లు మాట్లాడానే గానీ మనిషిని చూడడం అదే మొదలు.

“నువ్వేనా టీచరమ్మవు? నీకు దండం తల్లి” అన్నాడు. “మా ఆడోళ్లు బతుకమ్మ కాడ పాడుతాంటె ఇన్న. లో వోల్టేజ్ అంటాండ్లు, కర్ర పట్టిన పిలగాడంటాండ్లు. గిది మా వాని ముచ్చట గాదా అని బండి ఆపి అడిగిన. హన్మకొండ టీచరమ్మ కట్టిందన్నరు. నా కొడుకును ఎల్లగొట్టిండ్లని నాకు ఎవ్వడు జెప్పలె. వాడు గూడ జెప్పలె. నువ్వు జెప్పినవ్. ఇగ గసుంటోళ్ల దగ్గర వాడెందుకు? తీస్కపోత.”

అప్పుడు నేనన్న మాట రాయకుండా వదిలేద్దామనుకున్నాను. చెల్లె ఒప్పుకోలేదు. “పర్లేదండీ, అది నా బాధ్యత” అన్నాను. వేదిక మీద శాలువా కప్పించుకుంటున్నదానిలాగా, తల కొంచెం వంచి మరీ.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. గడియారం దిగి వచ్చాడు. బనీను మీద ఉన్నాడు, కంగారులో అంగీ వేసుకోలేదు. కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది.

“నన్ను ఎవ్వలు నెట్టలె బాపూ” అన్నాడు. “ఆగస్టుల బండి జారి పడ్డ. మూడు నెల్లు కర్ర పట్టొద్దన్నడు డాక్టర్. వేరేటోణ్ణి పెట్టుకోండ్లని నేనే అన్న. వీళ్లు వద్దన్నరు. మనిషిని పెట్టుకుంటె మల్ల పొమ్మనలేం, మిషినైతె నువ్వొచ్చినంక బంద్ చేస్తం అన్నరు.”

నేను వసారా గట్టు మీద కూర్చుండిపోయాను. నేను నాలుగు గల్లీలూ ఒక మండలమూ పాడించిన ఆ మిషను, వాడి సీటు ఇంకొకడు ఎక్కకుండా వేసిన తువ్వాలు.

“మరి నాకెందుకు జెప్పలేదు బిడ్డా?” అన్నాను.

“నీకు జెప్తె బాపు ఫోన్ జేసినప్పుడు జెప్తవ్ టీచరమ్మా. నీకు అబద్ధమాడరాదు గద.”

తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే వంచమన్నాడు. నాలుగో వేలు వంగలేదు. నేను నా ధర్మంగా, “రెండేళ్ల గడువన్నారు కదా, ఇంకా ఎనిమిది నెలలుంది. కట్టు విప్పినాక కూడా చాలా టైముంటది. తప్పు నా పాటదే, వీళ్లది కాదు” అన్నాను.

“లెక్క నాక్కూడ ఎరుకే టీచరమ్మా” అన్నాడు ఆయన, కోపం లేకుండానే. “ఎల్లగొట్టిండ్లంటె తీస్కపోదమని వచ్చిన. ఎల్లగొట్టలేదంటె ఇడిచిపెట్టి పోవాల్నా? చెయ్యి గింత వాచి ఉన్నది. వాళ్లమ్మ జూస్తె బతుకుతదా? నడువు బిడ్డా.”

డ్రమ్ములు ఒక్కొక్కటే కిందికి వచ్చాయి. భాయ్ దుకాణం మూసి వచ్చి తాళ్లతో కట్టాడు. నా వైపు మాత్రం చూడలేదు. ఆటో గల్లీ దాటాక జులపాలు నా ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“పాట మంచిగ కట్టిండ్రు టీచరమ్మా” అన్నాడు. “మా నాలుగిట్ల ఒక్కటి గూడ గంత దూరం పోలె.”

ఆ సాయంత్రం మా ఇంటి బతుకమ్మ గల్లీలో అందరికన్నా ఎత్తుగా లేచింది. రెండు సంచుల పూలు మరి. చెల్లె ఎత్తుకుని పోయింది. నేను తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాను. తలుపు వేసినా చప్పట్లు వినిపించాయి, ఏ పాటకో కూడా తెలిసింది.

నెలాఖరుకు ముగ్గురూ గది ఖాళీ చేసి హైదరాబాద్ పోయారు, మిషనుతో పాటు. గడియారానికి చెయ్యి నయమైంది గానీ నాలుగో వేలు పూర్తిగా వంగదు. నెక్కొండలో మేనమామ ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు. నేను ఫోన్ చేస్తే “ఫికర్ జేయకు టీచరమ్మా, నీ పాటకు ముందే విరిగింది గద చెయ్యి” అంటాడు. నా మీద దయతో అనే ఆ మాటలో తర్కం సరిగ్గానే ఉంది. అందుకే ఇంకా బాధ. ఆ నాలుగు పాటలూ నేను తర్వాత చాలాసార్లు విన్నాను. మూడో పాట నిజానికి బాగుంటుంది. ఇప్పుడైతే అరవై రెండు వేస్తాను. (‘బేబీ’కి మాత్రం ఇప్పటికీ కోత తప్పదు.)

తరువాతి ఏడు బతుకమ్మకు నేనొక సవరణ పాట కట్టి తీసుకుపోయాను. ‘మిషిను తెచ్చింది ఉయ్యాలో, మిత్రుని కొరకే ఉయ్యాలో’ అని, చెయ్యి విరిగిన సంగతి, సీటు కాపాడిన సంగతి, అన్నీ వరుస తప్పకుండా పెట్టాను. ఆడవాళ్లు మర్యాదకు రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో ఎవరో తెలియకుండానే పాత పాటలోకి జారారు, అందరూ హాయిగా అందుకున్నారు. “గీ కొత్త పాటల తిట్టు లేదక్కా” అంది చెల్లె నా చెవిలో. “తిట్టు లేకుంటె కాలు ఎట్ల కదుల్తది?” నేనూ పాత పాటకే చప్పట్లు కొడుతూ తిరిగాను. తప్పుకుందామంటే వలయం మధ్యలో ఉన్నాను. అప్పుడు నవ్వొచ్చింది. మడమలు లేపి బరాత్‌లో నిలబడిన ఆ అరవై నాలుగేళ్ల పిల్ల కనబడితే గట్టిగా మందలించాలని అనుకుంటాను గానీ, కనబడితే ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఏ పాట వింటున్నావని అడుగుతాననిపిస్తుంది.

పోయినవాటి లెక్క ఇది. లో వోల్టేజ్‌కు ఒక డ్రమ్మరు. మేడమీద శనివారం సాయంత్రాలు. ముప్పై ఒక్కరి గ్రూపులో ఇరవై ఏడుగురు. భాయ్ నన్ను చూసి నవ్వే నవ్వు, దాదాపు ఏడాది పాటు. గడియారానికి తండ్రి ఇచ్చిన గడువులో ఎనిమిది నెలలు.